బండి కుయ్యిమంటే బందు వెట్టకు చెల్లె

చెల్లె, నీ ఫోనొచ్చినంక చానసేపు నవ్వుకున్న. “అక్కా, ఈ కారుకు నేను నచ్చినట్టు లేను” అంటివి గదా! లైను మీదికి జరిగితే కుయ్యిమంటదట, ఇంకొంచెం జరిగితే స్టీరింగు తనే గుంజుకుంటదట, ముంగట ఎవ్వలన్న అడ్డమొస్తే నువ్వు బ్రేకు మీద కాలు వెట్టకముందే ఎర్రలైటు కొట్టుకుంటదట. మరిదేమో “గదంత తలకాయనొప్పి, అన్ని బందు వెట్టు” అంటున్నడట. జర ఆగుండ్రి ఇద్దరు. బందు వెట్టుడు ఒక్క బటన్ పని, ఎప్పుడన్న వెట్టొచ్చు. ముందుగాల అది ఏం జూస్తున్నదో, ఏం జూస్తలేదో తెలుసుకోండ్రి.

మన తొవ్వల తిరిగేటోళ్లకు ఈ ముచ్చట అందరికన్న ఎక్కువ అవసరం. పట్నపోళ్లకు పొద్దందాక ఒక్క తీరు రోడ్డే. మనకు గట్ల గాదు. నాగల్‌గిద్ద నుంచి నారాయణఖేడ్ దాంక ఒక తీరు సడక్, ఖేడ్ నుంచి నిజాంపేట దాంక ఇంకో తీరు, ఆడ 161 నంబరు జాతీయ రహదారెక్కి జోగిపేట దిక్కు వోతుంటే పూరాగ వేరే లోకం. రాంసాన్‌పల్లి నుంచి కంది దాంక 40 కిలోమీటర్లు నాలుగు లేన్లు జేసిండ్రు. 2024 మార్చి 5న ప్రధానమంత్రి సంగారెడ్డికొచ్చి అంకితం జేసిపోయిండు, యాదికుందా? కారు ఒక్కటే, నడిపేది నువ్వొక్కదానివే, గని దాని తెలివి ఈ మూడు తొవ్వల మీద మూడు తీర్లుంటది. ఈ మాట నీకెవ్వలు జెప్పరు. షోరూముల పిలగాడు తాళంచెవి చేతిల వెట్టి, “లెవల్ టూ మేడం” అని నాలుగు బటన్లు సూపెట్టి, ఫోటో దిగి పోతడు.

లెవల్ టూ అంటే ఏంది మరి? సున్నా నుంచి అయిదు దాంక ఒక లెక్క వెట్టుకున్నరు. అయిదంటే డ్రైవరే అక్కర్లేదు. రెండంటే స్టీరింగుకు, స్పీడుకు రెండిటికీ చేతిసాయం జేస్తది, కండ్లు మాత్రం నీవే ఉండాలె. ఏమన్నయితే జవాబు జెప్పాల్సింది గూడ నువ్వే. ఈ సంగతి మనసుల వెట్టుకుంటే సగం పరేషాన్ తగ్గుతది, ఇంకో సగం పెరుగుతది. పెరిగేదెందుకో జెప్త గని, ముందుగాల దాని కండ్ల ముచ్చట.

ముంగటి అద్దానికి పైన, లోపలి అద్దం ఎన్క ఒక చిన్న కెమెరా ఉంటది. చానా కార్లకు ముంగటి బంపర్ల గని, కంపెనీ గుర్తు ఎన్క గని రాడార్ గూడ ఉంటది. కెమెరా రోడ్డు మీది తెల్లగీతలు, ముందుపోయే బండ్ల ఎన్క భాగాలు, మనుషులను గుర్తువడ్తది. రాడార్ రేడియో తరంగాలు ఇడిసి, అవి తాకి తిరిగొచ్చేదాన్ని వట్టి ముంగటి బండి ఎంత దూరమున్నదో, ఎంత జోరుగ పోతున్నదో లెక్కగడ్తది. గంతే. దానికి నాగల్‌గిద్ద తెల్వది, అంగడి దినం తెల్వది. గీతలుంటే లైన్ల ఉంచుతది, లేకుంటే సప్పుడు జెయ్యకుంట పక్కకు జరుగుతది.

ఆ సప్పుడు జెయ్యకపోవుడే అసలు సంగతి. నీ ముంగట మీటర్ల దగ్గర చిన్న స్టీరింగు బొమ్మ ఉంటది జూడు, రెండు దిక్కుల రెండు గీతలతోని. చానా కార్లల్ల అది పచ్చగుంటే కెమెరాకు లైన్లు కనవడ్తున్నట్టు, స్టీరింగుకు సాయం అందుతున్నట్టు. బూడిదరంగుకు లేకుంటే తెలుపుకు తిరిగిందంటే నువ్వొక్కదానివే నడుపుతున్నట్టు. పచ్చ నుంచి బూడిదకు మారేటప్పుడు ఒక్కోసారి చిన్న సప్పుడు గూడ రాదు. లైను దాటితే అంత లొల్లి జేసేది, తను చెయ్యి ఇడిసేటప్పుడు మాత్రం మాట్లాడది! పైకెళ్లి ఎక్కువ కార్లల్ల ఈ లైను సాయం 60 కిలోమీటర్ల స్పీడు దాటినంకనే మొదలైతది. మన ఊరి సడక్ మీద గా స్పీడెక్కడ్ది, ఆ గీతలెక్కడివి? అంచుల మట్టి, వానకాలం బురద, పంటలొచ్చినంక సగం రోడ్డు మీద కందులో సోయలో ఎండవోసి ఉంటయి. గందుకే ఖేడ్ దాంక దాన్ని నమ్ముకునే పనే లేదు. ఊరి తొవ్వల నీకు వినవడేది ముంగట గుద్దుకుంటవేమోనన్న హెచ్చరిక ఒక్కటే. దాన్ని మాత్రం ఎప్పుడు బందు వెట్టకు.

ఇగ హైవే మీద కుయ్యిమనే దాని ముచ్చట. కోపానికి రాకుంట ఇను. ఇండికేటర్ ఎయ్యకుంట లైను మారినందుకే అది ఎక్కువ సార్లు అరుస్తది. ఇండికేటర్ ఏసి జరుగు, నోరెత్తది. మన దిక్కు ఇండికేటరంటే ఊర్లకు మలిగేటప్పుడు ఏసేదే అనుకుంటం. ఎన్కొచ్చే బండికి ఒక మాట జెప్పి జరుగుడు కారు మనకు నేర్పుతున్నదంటే నాకైతే మంచిగనే అనిపిస్తది. సప్పుడు ఎక్కువనిపిస్తే సెట్టింగులల్ల తగ్గించుకోవచ్చు, హెచ్చరిక ముందుగాల రావాల్నా, ఆలస్యంగ రావాల్నా అన్నది గూడ చానా బండ్లల్ల మార్చుకోవచ్చు. స్టీరింగు గుంజినప్పుడు భయపడి దానితోని కొట్లాడకు. అది గుంజేది మెల్లగనే, నీ చేతి బలం ముంగట ఆగది.

మరిది కోపమెందుకో నాకు ఎరుకే. ఇన్నేండ్లు ఆడోళ్లు బండి నడిపితే పక్కసీట్ల కూసోని “బ్రేకు, బ్రేకు” అన్నది మొగోళ్లు. ఈ కారు ఆడ మగ అని జూడది, ఎవ్వలు లైను దాటినా అరుస్తది. మీ బావకు మొదట్ల అరిచినప్పుడు ముఖమంత ఎర్రగజేసుకోని, “నాకే నేర్పుతదా ఇది” అన్నడు. ఇప్పుడు ఇండికేటర్ ఏస్తుండు. నేను ఏండ్ల సంది జెప్పినా ఎయ్యలే.

పక్కసీటు అంటే ఒక ముచ్చట యాదికొచ్చింది. స్పీడును ఒక్కతీరుగ ఉంచే క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టింది ఎవ్వలో తెలుసా? రాల్ఫ్ టీటర్ అని అమెరికా ఇంజనీరు. చిన్నప్పుడే, అయిదేండ్ల వయసుల కండ్లు వోయినయి. కండ్లు కనవడని మనిషి! ఆయన వకీలు ముచ్చట వెట్టుకుంట కారు నడిపితే, మాట్లాడేటప్పుడు నెమ్మదిగ, ఇనేటప్పుడు జోరుగ పోయేదట. ఆ కుదుపులకు పక్కన కూసున్న టీటర్‌కు పానం విసిగి ఈ ఆలోచన వచ్చిందంటరు. 1950ల పేటెంటు వచ్చింది, 1958ల క్రైస్లర్ కార్లల్ల వెట్టిండ్రు. పక్కసీట్ల కూసున్నోళ్లకే బండి మంచి చెడు బాగ తెలుస్తదని నేను ఎప్పుడు అంటనే ఉంట.

నీ కార్ల ఉన్నది దాని మనుమరాలు, ముంగటి బండిని జూసి తనే నెమ్మదైతది, తనే జోరు వెంచుతది. నేర్సుకునుడు దీనితోనే మొదలువెట్టు. ఆదివారం పొద్దుగాల జోగిపేట దాటినంక, రోడ్డు ఖాళీగున్నప్పుడు. లైను సాయం ఆ పొద్దు బందు వెట్టు, రెండు ఒక్కసారి నేర్వకు. స్పీడు 80 వెట్టి, ముంగటి బండితోని దూరం ఎంతుండాల్నన్న గీతలు నాలుగుంటే నాలుగూ వెట్టు. ఇగ అప్పుడొస్తది నీ కుడికాలు పరేషాన్! దానికి పని ఉండది, ఏడ వెట్టాల్నో తెల్వది. మడమ కింద ఆనించి, ఏళ్లు బ్రేకు దిక్కు తిప్పి ఉంచు. ముంగటి లారీ నెమ్మదైతుంటే నీ కాలు ఉరుకుతది, కారు గూడ ఆగుతనే ఉంటది. నీ కాలే ముందు వోతే ఏం గాదు, బ్రేకు తాకంగనే క్రూయిజ్ తప్పుకుంటది.

నాలుగు గీతల దూరం ఉంచితే మన దగ్గర ఇంకో తంటా. ఆ సందుల మోటర్‌సైకిల్ దూరుతది, ఆటో దూరుతది. దూరినప్పుడల్లా కారు బ్రేకు గొడ్తది, ఎన్కోడు హారన్ గొడ్తడు. మస్తు మంది దూరం ఒక్క గీతకు తగ్గించుకుంటరు. నువ్వు తగ్గించకు. ఎన్కోని హారన్‌కు పైసలు గట్టాల్సిన పని లేదు. రష్ ఎక్కువున్న కాడ క్రూయిజే తీసేసి కాలితోని నడుపు.

అన్నిటికన్న భయపడాల్సింది నిలవడ్డ లారీకి. హైవే అంచుకు పంక్చరై ఆగిన లారీ, ఎన్క లైటు లేని చెరుకు ట్రాక్టరు మన దిక్కు కొత్త గాదు. ముంగట కదులుతున్న బండిని వట్టినంత మంచిగ, ఆగి ఉన్నదాన్ని జోరుమీద ఈ యంత్రాలు వట్టకపోవచ్చునని కారుతోని వచ్చిన పుస్తకంలనే రాసి ఉంటది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరల ప్లాస్టిక్ కవర్‌ల అట్లనే ఉంటది గదా, తీసి ఆ ఒక్క పేజీ అన్న సదువు. రాత్రిపూట, వానల, పొగమంచుల కెమెరాకు గూడ మన కండ్ల కష్టమే.

పరేషాన్ ఇంకో సగం పెరుగుతదన్న గదా, అది ఇదే. నడిపే పని తగ్గుతది, కాపలా పని పెరుగుతది. లిజాన్ బైన్‌బ్రిడ్జ్ అని ఇంగ్లండు మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, ఆడామె, 1983లనే ఒక వ్యాసం రాసింది. యంత్రానికి అలకటి పనంత అప్పజెప్పి, అది ఓడిపోయినప్పుడు ఒక్క క్షణంల అందుకునే పని మనిషికి ఇడుస్తున్నం, ఆ పనే మనిషికి అన్నిటికన్న కష్టమని దాని సారాంశం. అప్పుడామె రాసింది ఫ్యాక్టరీల గురించి, గని నీ కారుకు అచ్చుగుద్దినట్టు సరిపోతది. ఏం జెయ్యకుంట, ఎదురుజూసుకుంట మెలకువగ ఉండుడు మస్తు కష్టం. రీల్స్‌ల స్టీరింగు ఇడిసిపెట్టి, సీట్ల కాళ్లు ముడుసుకోని కూసునే పోరగాండ్లను జూస్తే నాకు ఒళ్లు మండుతది. చేతులు తీస్తే కారు కొన్ని సెకన్లల్ల అరుస్తదని, స్టీరింగుకు బరువు గట్టి దాన్నే మోసం జేసేటోళ్లు గూడ ఉన్నరు.

అసలు మన రోడ్లు ఈ యంత్రాలకు అర్థమైతయా అంటవా? అది కూడ మన తెలుగునాట కూసోనే నేర్పుతున్నరు. ఇసొంటి వాటికి సదువు నేర్పిన బొమ్మల్ల పేరువడ్డవి జర్మనీ పట్నాలల్ల తీసినయి. అక్కడ బాటల అంచులు సక్కగుంటయి, ఎవ్వలి లైన్ల వాళ్లు పోతరు. గచ్చిబౌలిల ఉన్న ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కంపెనీతోని గలిసి 2018ల హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద కెమెరాలు వెట్టి 10,000 బొమ్మలు తయారుజేసింది. బొమ్మల ఏమేం కనవడ్తుందో 34 తీర్లుగ ఏరువడ జేసిండ్రు. ఆటోకు ఒక గుర్తు, జంతువులకు ఒక గుర్తు. నాకు మస్తు నచ్చిందేమంటే, తారురోడ్డు పక్కన అవసరానికి బండి దించే మట్టి అంచుకు గూడ ఒక గుర్తు వెట్టిండ్రు. నాగల్‌గిద్ద తొవ్వల ఎదురుంగ బస్సొస్తే మనం దిగేది ఆడికే గదా!

పటాన్‌చెరు దిక్కు పోయేటప్పుడు కంది కాడ ఐఐటీ గోడ కనవడ్తది జూడు. ఆ గోడ లోపల తిహాన్ అని డ్రైవర్ లేని బండ్లను పరీక్షించే మైదానం 2022 జులై 4న మొదలైంది. 2025ల క్యాంపస్ లోపల డ్రైవర్ లేని కరెంటు బస్సులు తిప్పిండ్రు, 6 సీట్లది ఒకటి, 14 సీట్లది ఒకటి. మన జిల్లలనే! అది గోడ లోపలి రోడ్డు, బయట పడితే కథ వేరు. డ్రైవర్ లేని కార్లు దేశానికి రానియ్యమని, డ్రైవర్ల కొలువులు పోతయని కేంద్రమంత్రి గడ్కరీ 2023 డిసెంబర్‌ల తేల్చిజెప్పిండు. ఖేడ్ దిక్కు నుంచి పట్నం వోయి ఆటోలు, క్యాబులు తిప్పుకుంట ఇల్లు నడిపేటోళ్లు ఎంతమందున్నరో మనకెరుకే, ఆ మాట నాకు తప్పనిపించలే. గని డ్రైవర్‌ను ఉంచి సాయం జేసేటివి పెద్ద బస్సులకు, లారీలకు తప్పనిసరి జేద్దామని 2025ల కేంద్రం ముసాయిదా తెచ్చింది. అది తొందరగ కావాలె. రాత్రంత నిద్రలేని లారీ డ్రైవర్‌కు ఆ కుయ్యి సప్పుడు మనకన్న ఎక్కువ అవసరం.

ఈ సౌలత్‌లు 2020ల ఎంజీ గ్లోస్టర్ అసొంటి పెద్ద బండితోని మొదలై, 2024 డిసెంబర్‌ల హోండా అమేజ్ వచ్చేసరికి 10 లక్షల లోపలికి దిగినయి. ఇగ కారు కొనే ప్రతి ఇంట్ల ఈ లొల్లి ఉంటది. కొనేటప్పుడు పై మోడల్‌కు అంత పైసలెందుకని అడిగేటోళ్లకు నేను ఒక్కటే జెప్త: వారానికోపారి హైవే ఎక్కేటట్టుంటే తీసుకో, ఊరు, పొలం, అంగడి తిరిగేటట్టుంటే ఆ పైసలు మిగిలించుకో. నువ్వు పటాన్‌చెరు దాంక పోయొస్తుంటవు గాబట్టి నీకు పనికొస్తది.

ఇంకొక్కటి జెప్పి ముగిస్త, ఇది మాత్రం అత్తమ్మకు గూడ జెప్పు. దసరాకు బండి పూజ జేస్తరు గదా. ముంగటి జాలీ నిండ బంతిపూల దండలు గడ్తరు, రాడార్ ఉన్నకాడ పసుపు వూసి బొట్లు వెడ్తరు. అటెన్క తొవ్వల “రాడార్ మూసుకుపోయింది” అని మీటర్ల రాస్తే కారు పాడైందని మెకానిక్ కాడికి ఉరుకుతరు. వానకాలం బురద వడ్డా గదే, తడిగుడ్డతోని తుడిస్తే పోతది. కెమెరా ముంగట అద్దానికి దేవుని స్టిక్కర్ అతికియ్యకుండ్రి, డాష్‌బోర్డు మీద విగ్రహం వెట్టుకోండ్రి. ముంగట ఇనుప గార్డు ఏపిస్తనని మరిది అంటే వద్దను, 2017ల కేంద్రమే వద్దన్నది, రాడార్‌కు గూడ అడ్డం. రాయి తగిలి ముంగటి అద్దం మార్చాల్సొస్తే కెమెరాను మళ్ల సరిజేసి ఇస్తరా అని ముందుగాల అడిగి, అటెన్క బండి అప్పజెప్పు. పూలదండ బానెట్ మీద పరువు, నిమ్మకాయలు టైర్ల కింద వెట్టు, కొబ్బరికాయ గుమ్మం కాడ గొట్టు.