వర్చువల్ మెషీన్ మొరాయించినప్పుడు

విశాఖపట్టణమున ద్వారకానగర్ శిక్షణాలయముల మెట్లెక్కి దిగు విద్యార్థులలో పలువురు తమ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్‌ను నిర్మించి, అందు లినక్స్‌ను స్థాపించి, సర్వర్ల నిర్వహణమును అభ్యసించుచున్నారు, ఇది శ్లాఘనీయమే. కాని ఆ యంత్రము ఒకమారు మొరాయించినంతనే, ఏల మొరాయించినదో విచారింపక, తుడిచివేసి మరల మొదటినుండి నిర్మించుట వీరికి అలవాటైనది. ఇట్టి యంత్రములను నిర్మించు సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్ ఉచితముగ లభించుటయు, 2024 నవంబరునుండి వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ ప్రో సైతము ఎల్లరకును ఉచితమగుటయు ఈ దురభ్యాసమునకు దోహదమొనర్చినవేమో! కాని ఉద్యోగమునకై ఇంటర్వ్యూ చేయు అనుభవజ్ఞుడు స్థాపించు విధానముకంటె చెడినప్పుడు చేసిన చికిత్సనే తరచి తరచి యడుగును.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఈ నగరమున కృత్రిమమేధా కేంద్రమునకై ఐదు సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతునని ప్రకటించినది మొదలు అందరి దృష్టియు డేటా సెంటర్లపైననే నిలిచియున్నది. అయినను ఉక్కు కర్మాగారములు, ఓడరేవులు మున్నగు చిరకాల సంస్థలయందును ఈ విద్యకు చోటు కలదు. పాత విండోస్‌పై మాత్రమే నడచు సాఫ్ట్‌వేర్‌ను, దానికాధారమైన కంప్యూటరు శిథిలమైన పిదప, వర్చువల్ మెషీన్‌లో నిలుపుకొనుట పరిశ్రమలందు ప్రసిద్ధమైన మార్గము. అట్టిదానిని తుడిచివేయ సాహసించువాడెవ్వడు? క్లౌడ్ సంస్థలలో చెడిన సర్వర్‌ను త్రోసిపుచ్చి క్రొత్తదానిని నిలుపుట కద్దు గాని, కారణమెరుగక నిలిపినచో అదియు అట్లే చెడును.

మొట్టమొదట ఎదురగు చిక్కు, వర్చువల్‌బాక్స్ జాబితాలో 64-బిట్ వ్యవస్థలు కానరాకపోవుట. బయాస్‌లో ఇంటెల్ ప్రాసెసరుకు వీటీ-ఎక్స్, ఏఎమ్‌డీకి ఎస్‌వీఎమ్ అను సదుపాయము మూతపడియుండుట దీనికి సాధారణ కారణము. అది తెరచియున్నను యంత్రము నత్తనడక నడచుచున్నచో, నడచుచున్న కిటికీకి దిగువ కుడిమూలనున్న చిహ్నములను పరికింపవలయును: అచ్చట ఆకుపచ్చని తాబేలు బొమ్మ కనబడినచో, విండోస్‌లోని హైపర్-వీ ప్రాసెసరును ముందే తన వశము చేసికొన్నదని గ్రహింపవలెను. కోర్ ఐసొలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీయో, డబ్ల్యూఎస్‌ఎల్ 2 యో దానిని మేల్కొలిపియుండును. వానిని ఆపినచో వేగము వచ్చును. కాని మొదటిది ఆగిన రక్షణ కొంత తగ్గును, రెండవది ఆగిన దానిపై నడచు డాకర్ నిలిచిపోవును. ఈ లాభనష్టములను బేరీజు వేసి చెప్పగలవానికే ఇంటర్వ్యూలో మన్నన.

నెట్‌వర్క్ విషయమున ఒక విచిత్రము తరచు కాననగును. మిత్రులిరువురు తమతమ యంత్రముల ఐపీ చిరునామా చూచుకొని, రెంటను 10.0.2.15 యే యుండుట గాంచి, ఘర్షణ యేర్పడినదని కలవరపడుదురు. ఘర్షణయు లేదు, దోషమును లేదు. నాట్ పద్ధతిలో వర్చువల్‌బాక్స్ ప్రతి యంత్రమునకును వేరు వేరు చాటు నెట్‌వర్క్ కల్పించి, సాధారణముగ అన్నింటికి నదే చిరునామా నొసగును. ఒకే ల్యాప్‌టాప్‌లోని రెండు యంత్రములు పరస్పరము పలుకరించుకొనవలెనన్న నాట్ నెట్‌వర్క్‌నో, హోస్ట్-ఓన్లీనో ఎంచుకొనవలయును. బ్రిడ్జ్‌డ్ పద్ధతి వైఫైపై ఒక్కొక్కప్పుడు పనిచేయకపోవచ్చును.

స్నాప్‌షాట్ల సంగతి వేరు. డిస్క్ నిండినదని కంగారుపడి, ఆ ఫైళ్లను ఫోల్డరులోనికి పోయి చేతితో చెరపువాడు గొలుసులోని నడిమి లంకెను తెంచినవాడగును. వానిని సాఫ్ట్‌వేర్ ద్వారానే తొలగింపవలెను, అందుకును కొంత ఖాళీ చోటు కావలయును.

ఇట్టి సందర్భములన్నింట మొదట లాగ్స్ ఫోల్డరులోని వీబాక్స్.లాగ్‌ను తెరచి, యంత్రము నిలిచిన వేళకు సమీపమునగల పంక్తులను చదివి, ఒక్కమారు ఒక్క మార్పునే చేసి, లక్షణము, చేసిన మార్పు, ఫలితము మూడింటిని నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. రెస్యూమెలో సాఫ్ట్‌వేర్ల పేర్లు వరుసగ పేర్చుటకు మారుగ ఆ నోటుపుస్తకమునుండి ఒక్క సంఘటనను నాలుగు పంక్తులలో వ్రాసినను చాలును. చెడుగొట్టుటకు భయపడనక్కరలేదు, ముందుగ క్లోన్ ఒకటి చేసికొని, మెమరీని కావలెననియే తగ్గించి, నెట్‌వర్క్ కార్డు నూడదీసి చూడుడు.