సుజాతకు, ఎముకల మందు గురించి



నువ్వు పంపిన స్కాన్ కాగితం చూశాను. డాక్టరు రాసిన మాత్రలు కొని తెచ్చుకుని, వేసుకోకుండా బీరువాలో పెట్టేశావని నీ కోడలు చెప్పింది. ఎవరో వాట్సాప్‌లో దవడ ఎముక కుళ్ళిన ఫొటో పంపారట కదా. భయపడ్డందుకు నిన్ను తప్పు పట్టను. కాకపోతే ఆ భయాన్ని దేని పక్కన పెట్టి తూచాలో నీకెవరూ చెప్పినట్టు లేదు. ఫోన్లో అయితే సగం వింటావు, సగం వదిలేస్తావు. అందుకే ఉత్తరం.

నా మాట ముందే చెప్పేస్తాను. నువ్వు మందు మొదలుపెట్టాలి. వెన్నుపూసల్లో టి స్కోరు మైనస్ 2.7 అని వచ్చిందనే కాదు. ఆ అంకె రాకపోయినా ఇదే చెప్పేదాన్ని. పోయినేడు వంటింట్లో కాలు జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది చూడు, నా లెక్క అక్కడ మొదలవుతుంది. నిలుచున్న ఎత్తు నుంచి పడితే గట్టి ఎముక విరగకూడదు. పిండికట్టు వేశారు, కొన్నాళ్ళకి తీశారు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అది ఎందుకు విరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు. ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఇలా ఒకసారి ఎముక విరిగితే మళ్ళీ ఎక్కడో ఒకచోట విరిగే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. అందులోనూ మొదటి రెండేళ్ళే గడ్డుకాలం. నువ్వు ఇప్పుడు ఆ రెండేళ్ళలోనే ఉన్నావు.

స్కాన్‌లో టి స్కోరు అంటే ఏమిటో కూడా తెలుసుకో. ఆరోగ్యంగా ఉన్న పడుచు ఆడవాళ్ళ సగటు ఎముక సాంద్రతకి నీది ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె అది. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే ఆస్టియోపోరోసిస్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది. లెక్కకి ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు. మైనస్ 2.4 దగ్గర ఎముక భద్రంగా ఉండి, 2.6 దగ్గర ఉన్నట్టుండి పెళుసైపోదు. నిజానికి ఎముకలు విరిగిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆ గీతకి పైనే ఉంటారు. అక్కడున్న జనమే ఎక్కువ మరి.

సాంద్రత ఉంటే బలం ఉన్నట్టేనా అంటే, అదీ కాదు. ఈ సంగతి మన వైపు వాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. నేనూ మీ అమ్మా పెరిగిన కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఫ్లోరైడు నీళ్ళతో మనుషుల ఎముకలు ఎలా బిగుసుకుపోతున్నాయో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1937లో ఆ నెల్లూరు జిల్లా నుంచే వైద్యలోకానికి తెలియజేశారు. ఎక్స్‌రేలో చూస్తే ఆ ఎముకలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. మనిషేమో వంగలేడు, నడవలేడు. తర్వాత అమెరికాలో అదే ఫ్లోరైడుని ఎముకలు గుల్లబారినవాళ్ళకి మందుగా ఇచ్చి చూశారు. 1990లో ఫలితాలు వచ్చాయి. వెన్నులో సాంద్రత బాగా పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. అందుకే ఏ మందు గురించైనా 'స్కోరు పెరుగుతుందా' అని అడగొద్దు. 'విరగడం తగ్గుతుందా' అని అడుగు.

విరిగే ప్రమాదం లెక్కకట్టడానికి ఫ్రాక్స్ అని ఒక పద్ధతి ఉంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో తెచ్చారు, మన దేశానికి విడిగా లెక్క ఉంది. రాబోయే పదేళ్ళలో తుంటి విరిగే అవకాశం నూటికి ఎంతో, పెద్ద ఎముకలన్నీ కలిపితే ఎంతో చెబుతుంది. అందులో అడిగే ప్రశ్నలు చూడు. వయసెంత, బరువెంత, ఇంతకు ముందు ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, స్టిరాయిడ్లు వాడారా, కీళ్ళవాతం ఉందా, పొగ, మద్యం అలవాట్లున్నాయా. నీకు 58 ఏళ్ళు, 47 కిలోలు. మణికట్టు విరిగింది. మీ అమ్మకి తుంటి విరిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నువ్వే దగ్గరుండి చూశావు. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో అయిదుగురిలో ఒకరు ఏడాది దాటరని పుస్తకాల్లో చదివినప్పుడు అది ఒక అంకె. ఆ ఒకరు మా చెల్లెలే అయ్యాక అది నాకు అంకె కాదు.

ఇంకొకటి. నీకు 38వ ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ఈ డాక్టరుకి ఆ సంగతి చెప్పావా? చెప్పి ఉండవు. మన దగ్గర అదొక జబ్బు కింద లెక్క కాదు, 'అయిపోయిన ఆపరేషన్' అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి మూడు పైచిలుకైతే, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిది దాటారు. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ పోతుంది. ఎముక కరగకుండా కాపలా కాసేది అదే. పదేళ్ళ తర్వాత రావాల్సిన నష్టం నీకు ఆ రోజే మొదలైంది. ఆ ఆపరేషన్ల వల్ల మన పల్లెల్లో ఎంతమంది నలభైల్లోనే నడుం వంగిపోతున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. సరే, అది వేరే ఉత్తరం.

మీ ఆడపడుచు కూడా స్కాన్ తీయించుకుందని, మైనస్ 1.9 వచ్చిందని, తనూ మందు వేసుకోవాలా అని అడిగావు. ఆవిడకి 53 ఏళ్ళు, మనిషి బలంగా ఉంది, ఏ ఎముకా విరగలేదు, స్టిరాయిడ్ల జోలికి పోలేదు. ఆవిడకి నేనైతే ఇప్పుడు మందు రాయను. తిండి, నడక, రెండు మూడేళ్ళకి మళ్ళీ స్కాన్. ఒకే మిషను మీద తీసినా, ఇద్దరి కాగితాలకీ జవాబు ఒకటి కాదు.

ఇక మందు ఎంతవరకు పనిచేస్తుందో దాపరికం లేకుండా చెబుతాను. 1996లో అలెండ్రోనేట్ మీద, అంటే నీకు రాసిన మాత్ర మీద, ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న ఆడవాళ్ళని మూడేళ్ళ పాటు చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో వెయ్యికి 22 మందికి తుంటి విరిగింది, అసలు మాత్ర వేసుకున్నవాళ్ళలో 11 మందికి. కొత్తగా వెన్నుపూస విరగడం వెయ్యికి 150 నుంచి 80కి తగ్గింది. 'సగానికి సగం తగ్గింది' అన్నా నిజమే, 'వెయ్యికి పదకొండు తుంట్లు దక్కాయి' అన్నా నిజమే. రెండు మాటలూ నీకు తెలియాలి. ప్రమాదం తక్కువున్న మనిషికి ఆ సగం చాలా చిన్నది. నీకు చిన్నది కాదు.

ఇప్పుడు ఆ దవడ ఫొటో. ఆ కేసులు బయటపడ్డది 2003లో. వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ రోగులవి. వాళ్ళకి ఇదే రకం మందు నెలనెలా సెలైన్‌లో ఎక్కిస్తారు. ఎముకలు గుల్లబారినవాళ్ళకి ఇచ్చే మోతాదులో, ఏడాదికి పదివేల మందిలో ఒకరికో లక్షలో ఒకరికో వస్తుందని అంచనా. అసలు రాదని అనను. పన్ను పీకిన చోట పుండు మానకపోవడంతో అది ఎక్కువగా మొదలవుతుంది. నీకు కింది వరసలో పుచ్చిపోయిన పన్ను ఉంది కదా, ఏడాదిగా వాయిదా వేస్తున్నావు. ముందు అది పీకించు. చిగురు మానాక మాత్ర మొదలుపెట్టు. ఆ కొన్ని వారాల ఆలస్యంతో కొంప మునగదు.

నన్ను దవడ కంటే ఎక్కువ ఆలోచింపజేసేది తొడ ఎముక. ఏళ్ళ తరబడి ఈ మందు వాడినవాళ్ళలో కొందరికి తొడ ఎముక మధ్యలో అడ్డంగా, పెద్ద దెబ్బేమీ తగలకుండానే విరుగుతుంది. 2020లో కాలిఫోర్నియాలో దాదాపు రెండు లక్షల మంది ఆడవాళ్ళ రికార్డులు పరిశీలించారు. తెల్లవాళ్ళ కంటే ఆసియా మూలాలున్నవాళ్ళలో ఇది ఎక్కువని తేలింది. అయినా లెక్క చూడు. ఆసియా ఆడవాళ్ళు పదివేల మంది మూడేళ్ళు వాడితే 91 తుంట్లు విరగకుండా ఆగుతాయి, 8 తొడలు ఇలా విరుగుతాయి. ఆ ఎనిమిది మందిలో ఒకరైతే ఎలా అని నువ్వు అడగొచ్చు, అడగాలి కూడా. ఇది వాడిన ఏళ్ళు పెరిగేకొద్దీ పెరుగుతుంది, మానేశాక త్వరగానే తగ్గుతుంది. అందుకే ఇది బీపీ మాత్రలా జన్మంతా వేసుకునేది కాదు. మాత్రలైతే అయిదేళ్ళకి, సెలైన్ అయితే మూడేళ్ళకి ఆగి, మళ్ళీ లెక్క చూసుకోవాలి. మందు ఎముకలోనే నిలవ ఉంటుంది కాబట్టి ప్రమాదం తగ్గినవాళ్ళు కొన్నాళ్ళు మానేసినా దాని బలం కొంత మిగులుతుంది. ఈలోగా తొడలోనో గజ్జలోనో వారాల తరబడి సలుపు పెడితే మోకాళ్ళ నొప్పి అనుకుని ఊరుకోవద్దు. రెండు తొడలకీ ఎక్స్‌రే తీయించు.

మాత్ర వారానికొకటి, 70 మిల్లీగ్రాములు. పొద్దున్నే లేచీ లేవగానే, పరగడుపున, గ్లాసెడు మంచినీళ్ళతో. అరగంట వరకు నడుం వాల్చకూడదు, కాఫీ తాగకూడదు. నీకు కాఫీ లేనిదే తెల్లవారదని తెలుసు, అయినా ఆ ఒక్క రోజు ఓర్చుకో. కాఫీతో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు, పడుకుంటే గొంతు కింద గొట్టంలో పుండు పడొచ్చు. క్యాల్షియం మాత్ర కూడా దానితో వేసుకోవద్దు, మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకో. నీకు గుండెల్లో మంట ఉంది కాబట్టి మాత్ర పడకపోవచ్చు. అప్పుడు ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ సెలైన్ అడుగు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, పారాసిటమాల్‌తో తగ్గుతాయి. కిడ్నీలు సరిగా ఉన్నాయో లేదో చూడకుండా మాత్రం అది ఎక్కించుకోవద్దు.

ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ గురించి మీ ఆయన అడిగాడట, సులువుగా ఉంటుందని. మందు మంచిదే, నీకు మాత్రం వద్దంటాను. దాన్ని మధ్యలో ఆపితే ఎముక ఉన్నట్టుండి కరగడం మొదలై, వెన్నుపూసలు ఒకటి కాదు, రెండు మూడు విరిగినవాళ్ళున్నారు. నువ్వు డాలస్ వెళ్తే కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వస్తావు. అక్కడ ఆ ఇంజెక్షన్ ఖరీదు, నీ ట్రావెల్ ఇన్సూరెన్స్ దానికి పనికొస్తుందో లేదో, తేదీ దాటిపోతే ఎవరిని అడగాలో, ఇవన్నీ నీ నెత్తిన పడతాయి. ఎప్పుడైనా తప్పనిసరై అది మొదలుపెడితే, ఆపాల్సి వచ్చినప్పుడు దాని వెనకాలే వేరే మందు పడాలని గట్టిగా గుర్తుపెట్టుకో.

ఏది మొదలుపెట్టినా ముందు రక్తపరీక్షలు. క్యాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్, థైరాయిడ్, పారాథైరాయిడ్ హార్మోను. ఎముక పలచబడడం వెనక వేరే జబ్బు దాగి ఉంటే ఈ మందు దాన్ని పట్టించుకోదు. డి తక్కువుంటే ముందు దాన్ని సరిచెయ్యాలి. మనకి ఎండకి కొదవ లేకపోయినా, ఇంట్లోంచి కదలని ఆడవాళ్ళలో డి తక్కువే ఉంటుంది.

మందు వద్దు, రాగిజావ తాగుతా అని కోడలితో అన్నావట. తాగు. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నీకు రోజుకి 1200 కావాలి కాబట్టి పాలు, పెరుగు, నువ్వులు కూడా తిను. పొద్దున నడువు, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించు, వంటింట్లో తడి ఉండనివ్వకు. ఇవన్నీ చెయ్యాల్సినవే. ఒకసారి విరిగిన మనిషికి ఇవి మందుతో పాటు ఉండాలి, మందుకి బదులుగా చాలవు.

సోమవారం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. అదే రోజు రక్తం కూడా ఇచ్చి, రిపోర్టులు నాకు పంపు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు 38వ ఏటి ఆపరేషన్ కాగితాలు బయటికి తీసి పట్టుకెళ్ళు. అవి దొరక్కపోతే నోటితోనైనా చెప్పు. ఆయన ఏమన్నాడో ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

నీ
పెద్దమ్మ