పేడనుండి విద్యుచ్ఛక్తి

పేడను పిడకలుగా జేసి కాల్చుట మన పల్లెలయందు చిరకాలపు టలవాటు. అట్లు కాల్చినచో పైరునకు బలమైన నత్రజని పొగలో గలిసిపోవును. మనకు శక్తియు గావలెను, ఎరువును గావలెను. రెండును దక్కు నుపాయ మొకటి కలదు.

పేడకు సమానముగా నీరు గలిపి గాలి చొరని తొట్టిలో నుంచినచో, సూక్ష్మజీవులు దానిని కుళ్లజేసి వాయువును పుట్టించును. అందు నూటికి సుమారు 60 వంతులు మండెడి మీథేను. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. బురదనేలలనుండి వెడలు నీ మీథేనునే 1776వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా పండితుడు సరస్సునొద్ద పట్టి పరీక్షించెను.

ఇక లెక్క చూతము. ఆవొకటి దినమునకు సుమారు 10 కిలోల పేడ వేయును. 25 కిలోల పేడనుండి ఒక ఘనమీటరు వాయువు వచ్చును. దానితో యంత్రమును నడిపిన ఇంచుమించు ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు పుట్టును. కావున 100 పశువులుగల పాడిశాలకు దినమునకు 60 యూనిట్లు లభించును. అయితే వాయువునందలి గంధకపు దుర్వాయువును ముందుగా తొలగింపవలెను. లేనిచో యంత్రపు టినుము తినిపోవును.

తొట్టినుండి వెడలు రొంపిలో నత్రజని చాలవరకు నిలిచియుండును. దీపము వెలుగును, పొలమును పండును. విద్యార్థులారా! పిడకను పొయ్యిలో వేయుటకు ముందు పొలమును దలచుట మనకు ధర్మము.