పదిమంది పిల్లలుండు ఇల్లు

తల్లి కలిపి పెట్టిన ముద్ద తిని, తండ్రి వ్రేలు పట్టుకొని బడికి వచ్చు బాలుడు తనకు గల భాగ్యమెట్టిదో యెరుగడు. ఆ భాగ్యమును గోల్పోయిన బాలలు లోకమున అనేకులు కలరు. కొందరి తల్లిదండ్రులు మరణించిరి. కొందరి తల్లిదండ్రులు బ్రతికి యుండియు, రోగముచేతనో, పేదరికముచేతనో, త్రాగుడుచేతనో బిడ్డలను సాకజాలకున్నారు. ఇంట దెబ్బలకు తాళలేక పారిపోయి, రైల్వే ప్లాట్‌ఫారములపై కాలము గడపువారును కలరు. ఇట్టివారికి నీడ చూపవలెననుటలో ఎవరికిని సందేహము లేదు. ఆ నీడ యెట్టిదై యుండవలెననునదే విచారింపదగిన విషయము.

పూర్వము అనేక దేశములలో దీనికి పెద్ద భవనమే సమాధానము. పొడవైన పడకశాలలు, బారులుగా మంచములు, గంట మ్రోగగానే లేచుట, గంట మ్రోగగానే భుజించుట. వ్యయము తక్కువ, అజమాయిషీ సులభము. దాతలు వచ్చిననాడు నూర్గురు బాలలు ఒకే రంగు దుస్తులు ధరించి వరుసగా నిలుచుట కన్నులపండువుగా నుండును. అయితే ఆ పండువు చూచువారికే కాని, నిలుచున్నవారికి కాదు.

ఈ పద్ధతిలోని లోపమును తన సొంత సంస్థలోనే కనుగొన్నవాడొకడు కలడు. ఆయన పేరు థామస్ జాన్ బర్నార్డో. 1845లో డబ్లిన్ నగరమున జన్మించిన ఈయన, వైద్యుడై చైనా దేశమున మతప్రచారము చేయవలెనను తలంపుతో 1866లో లండను చేరెను. ఆ యేడే ఆ నగరపు తూర్పు పేటలలో కలరా ప్రబలి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. దిక్కులేని బాలురు రాత్రివేళ ఇండ్ల కప్పులపై ముడుచుకొని పరుండుట చూచిన బర్నార్డో చైనా ప్రయాణమును విరమించుకొని, 1870లో స్టెప్నీ అను పేటలో బాలురకొక గృహమును స్థాపించెను.

బాలికలకొరకు 1873లో లండనుకు సమీపమున బార్కింగ్‌సైడ్ అను పల్లెలో, తన నివాసము ప్రక్కనున్న బండ్లశాలను బాగుచేయించి అరువది మందిని చేర్చుకొనెను. పడకలు శుభ్రముగా నుండెను. తిండి వేళకు దొరకుచుండెను. అయినను బాలికలలో ఆశించిన మార్పు కానరాలేదు. ఒకనాడు వారు తమలో తాము మాటలాడుకొనుచుండగా ఆయన చాటున నుండి వినెను. వీధులలో నేర్చిన చెడ్డ మాటలు మరపునకు రాకపోగా, ఎరుగనివారికి గూడ అంటుకొనుచుండెను. అరువది మందిలో ఏ పిల్ల మనస్సున ఏమున్నదో కనిపెట్టుటకు ఎవరికిని సాధ్యము కాదు. బాలికలను దండించినంత మాత్రమున ప్రయోజనము లేదనియు, మార్పవలసినది ఇంటినే యనియు ఆయన నిశ్చయించెను.

1876లో బార్కింగ్‌సైడ్‌లో బాలికల కుటీర గ్రామము వెలసెను. నడుమ పచ్చికబయలు, దాని చుట్టును కుటీరములు. కొన్నిటికి పూల పేర్లు పెట్టిరి. ఒక్కొక్క కుటీరమున సుమారు ఇరువది మంది బాలికలు, వారికి తల్లిగా వ్యవహరించు స్త్రీ యొకతె. ఒకే యీడువారిని ఒకచోట చేర్చక, చంటిబిడ్డ మొదలు పెద్దపిల్లవరకు అన్ని వయస్సులవారిని కలిపి యుంచిరి. పెద్దవారు పసివారిని ఎత్తుకొనుచు, ఇంటిపనులు నేర్చుకొనుచుండిరి. 1905లో బర్నార్డో మరణించునాటికి అచట అరువదికి పైగా కుటీరములును, వేయికి మించిన బాలికలును ఉండిరి. చూడుడు, వేయిమంది చేరినను వారు ఒక్క కప్పు క్రింద చేరలేదు!

ఇల్లు చిన్నదైనంతనే మేలెట్లు కలుగునని మీరు ప్రశ్నింపవచ్చును. భోజనాల బారులను తలచుకొనుడు. రెండువందల మంది తినుచోట ఒక పిల్లవాడు అన్నము ముట్టక లేచిపోయినచో, వంటవానికి విస్తరి మిగిలినట్లు తెలియును కాని, పిల్లవాడు ఏడ్చినట్లు తెలియదు. పదిమంది తినుచోట వడ్డించు నామెకు అది వెంటనే తెలియును. జ్వరమా, బడిలో ఎవరైన ఏమైన అనిరా, ఊరిలోని చెల్లెలు జ్ఞప్తికి వచ్చినదా యని ఆమె అడుగగలదు. నేను చిరకాలము బడిపంతులుగా నుండినవాడను. హాజరుపట్టీలో పేరుండుట వేరు, పంతులు మనస్సులో పేరుండుట వేరు. తరగతి పెరిగినకొలది ఆ రెండవ పట్టీ తరిగిపోవుటను నేను ఏటేట చూచితిని.

అయితే బర్నార్డో చరిత్రలో మరియొక ప్రక్కయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఆయన సంస్థ 1882 మొదలుకొని వేలకొలది బాలలను ఓడలపై కెనడా దేశమునకు పంపెను. వారిలో పలువురకు తల్లులో తండ్రులో స్వదేశమున సజీవులై యుండిరి. కొన్ని సందర్భములలో బిడ్డను పంపుచున్నట్లు వారికి తెలుపనైన లేదు. ఇట్లు అనేక సంస్థలు బాలలను దూరదేశములకు పంపినందులకు 2010లో బ్రిటను ప్రధానమంత్రి ప్రభుత్వపక్షమున క్షమాపణ చెప్పెను. కుటీరము ఎంత చక్కనిదైనను, పేదరాలైన తల్లినుండి బిడ్డను వేరుచేయుటకు అది సాకు కారాదు. తల్లికి తోడ్పడి బిడ్డను ఆమె కడనే నిలుపగలిగినచో అదియే మొదటి కార్యము.

కుటుంబమును బోలిన గృహమను భావమును మరింత ముందునకు గొనిపోయినవాడు ఆస్ట్రియా దేశీయుడగు హెర్మన్ గ్మైనర్. చిన్ననాడే తల్లిని గోల్పోయిన ఈయనను అక్క పెంచెను. రెండవ ప్రపంచ యుద్ధముచే అనాథలైన బాలలకై ఈయన 1949లో ఇమ్స్ట్ అను పట్టణమున మొదటి ఎస్.ఓ.ఎస్. బాలగ్రామమునకు పునాది వేసెను. తోడబుట్టినవారిని విడదీయకుండుట ఆ గ్రామముల ముఖ్య నియమములలో నొకటి. మన దేశమున 1960 దశకమున ఫరీదాబాదులో ఇట్టి గ్రామము వెలసెను. పిమ్మట విశాఖపట్టణము, హైదరాబాదు నగరములలోను ఇట్టివి ఏర్పడినవి.

మరి పసికందుల మాట యేమి? రుమేనియా దేశమున 1989 వరకు వేలకొలది శిశువులు పెద్ద సంస్థలలో పెరిగిరి. 2000 సంవత్సరమున ఆ దేశపు రాజధాని బుఖారెస్టులో శాస్త్రజ్ఞులు 136 మంది శిశువులను పరిశీలింప మొదలిడిరి. కొందరు సంస్థలలోనే యుండగా, కొందరిని పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. కుటుంబములకు చేరినవారి బుద్ధివికాసము మెరుగై యుండెను. ఎంత చిన్న వయస్సున చేరిన అంత మేలని తేలెను. కావున శిశువునకు కావలసినది సమూహ గృహము కాదు, ఒక ఒడి.

మన దేశములో 2015 నాటి బాల న్యాయ చట్టము ఈ క్రమమునే పాటించుచున్నది. 1098 అను సంఖ్యకు ఫోను చేసి ఆపదలో నున్న బాలలను గూర్చి ఎవరైనను తెలుపవచ్చును. దొరకిన బాలుని, ప్రయాణకాలము గాక, 24 గంటలలోపల బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఆ సమితి, బాలుని మాటయు వినవలెను. సొంతయింటికి పంప వీలగునా యని మొదట చూచెదరు. వీలుకానిచో బంధువులు, దత్తత, పెంపుడు కుటుంబము మున్నగు మార్గములు కలవు. సంస్థలో నుంచుట కడపటి మార్గమని చట్టమే పలుకుచున్నది. ఎనమండుగురికి మించని బాలలను కుటుంబమువలె ఒకచోట పెంచు సమూహ పోషణకును నిబంధనలలో చోటు కలదు.

అట్టి గృహము ఎవరికి తగును? ముగ్గురు నలుగురు తోబుట్టువులను ఒక్క కుటుంబమే చేర్చుకొనుట అరుదు, అట్టివారికి తగును. పదునాలుగేండ్ల బాలునకు తన తల్లి రూపము జ్ఞప్తియందుండును. క్రొత్తవారిని అమ్మాయని పిలువుమన్న వాని మనస్సు ఒప్పుకొనదు. వానికిని తగును. ఇంటి కలహము చల్లారువరకు కొన్ని నెలలు నిలువనీడ కావలసిన వారికిని తగును. అయితే చిన్న గృహమునకు చిన్నదైన గోడయు, దాని చాటున మరుగుపడు అవకాశమును కలవు. పెంచు నామె ఆరు నెలలకొకతె మారుచున్నచో పదిమందియున్న ఇల్లును సత్రమే యగును. కావున ముందుగా చెప్పి వచ్చు తనిఖీలకంటె, చెప్పక వచ్చి పిల్లలతో ఒంటరిగా మాటలాడు తనిఖీలు ఎక్కువ మేలని నా యభిప్రాయము. ఆమెకు తగిన జీతమును, వారమున కొక దినము విశ్రాంతియు ఉండవలెను.

పదునెనిమిదేండ్లు నిండగానే బాలుడు ఆ గృహమును విడువవలసి యుండును. తదుపరి 21 ఏండ్లవరకు చదువునకు, వృత్తి నేర్చుటకు, అద్దె గదికి సాయము చేయు అవకాశమును చట్టము కల్పించినది. మూటతో మెట్లు దిగునాడు వానికి కావలసినవి మరికొన్ని కలవు: పుట్టినతేది పత్రము, చదువు పత్రములు, బ్యాంకు పుస్తకము, సంక్రాంతికి వచ్చి తలుపు తట్టినచో పేరు పెట్టి పిలిచి లోనికి రమ్మను మనిషి.