పాత కారు ఇంజనులో నీరు తగ్గుట – కారణము కనుగొను విధము

పాత కారు వేడెక్కినప్పుడు నీరు పోసి ముందుకు సాగుట పలువురకు అలవాటు. పోసిన నీరు ఎటు పోవుచున్నదో చూడనిచో, ఒక గొట్టము మార్చుటతో తీరవలసిన పని ఇంజనునే చెఱచును. 2014లో తయారీ నిలిచిన అంబాసిడరు వంటి కార్లలో పిల్లలను బడికి తెచ్చు తల్లిదండ్రుల కొఱకు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా ఒక హెచ్చరిక. ఇంజను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూతను తీయరాదు. ఆ మూత నీటిని ఒత్తిడిలో నుంచును. సముద్రమట్టమున 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగు నీరు, చదరపు అంగుళమునకు 15 పౌనుల ఒత్తిడిని నిలుపు మూత క్రింద సుమారు 120 డిగ్రీల వఱకు మరగదు. మూత తీసినంతనే అది పొంగి ముఖమును కాల్చును. వేడి ఇంజనులో చన్నీరు పోసినను ఇనుము పగులవచ్చును. చల్లారు వఱకు ఆగి, పిల్లలను దూరముగా నుంచవలెను.

చల్లారిన పిమ్మట నీరు నింపి, మట్టము గుర్తించి, కొంత ప్రయాణము చేసి, మరునాడు మరల చల్లని ఇంజనులో చూడవలెను. నీరు తగ్గినచో అది పోవు దారులు మూడు.

మొదటిది వెలుపలికి. గొట్టముల అతుకుల వద్ద, నీటి పంపు క్రింద తడి గాని తుప్పు చారలు గాని కనబడును.

రెండవది సిలిండరులోనికి. ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మటను పొగగొట్టము నుండి తెల్లని ఆవిరి వచ్చుచుండును.

మూడవది నూనెలోనికి. నూనె కొలుచు కడ్డీపై నూనె పాలు కలిపిన కాఫీవలె నుండును. నూనె పోయు మూత అడుగున మాత్రమే కొద్ది జిగురున్నచో, అది చిన్న ప్రయాణముల వలని తేమ కావచ్చును.

కడపటి రెండింటికి హెడ్ గాస్కెట్ చెడుట తఱచు కారణము. అట్టి కారును నడుపక మెకానిక్కునకు చూపవలెను.

నీరు తగ్గకయే వేడెక్కినచో, ఎప్పుడు వేడెక్కునో గమనింపవలెను. నిలిచియున్నప్పుడు మాత్రమే యైనచో ఫ్యానును, దాని బెల్టును చూడవలెను. వేగముగా పోవునప్పుడైనచో రేడియేటరు పూడియుండవచ్చును. థర్మోస్టాటు తెఱచుకొనకున్నను ఇంజను వేడెక్కును.

బోరునీటిలోని సున్నము కాగులో వలెనే రేడియేటరులోను పెచ్చు కట్టును. కావున డిస్టిల్డ్ వాటరును, కూలెంటును సమపాళ్ళలో పోయుట మేలు. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము, పిల్లలకు అందనీయరాదు.

చల్లని ఇంజనును పరీక్షించునప్పుడు పెద్దపిల్లలను పిలిచి చూపుడు. ఒత్తిడి, మరుగు స్థానము అని తెలుగు పాఠమున చదివిన మాటల పనిని వారు కన్నులార చూతురు.