బాకీ చీరల లెక్క

ఒక పండుగ ముందు మేము మా లెక్క చూచుకొని, షావుకారు వద్ద నాలుగు పట్టుచీరల కూలి అడిగితిమి. ఆయన పుస్తకములో రెండే ఉన్నవి. మాట మీద మాట పెరిగిన పిదప తప్పు మాదేనని తేలినది. సోదరులకు ఆ చిక్కు రాకుండుటకై ఈ పాఠము.

నేడు చాల ఇండ్లలో పిల్లలు లెక్కను ఎక్సెల్ పట్టీలో వ్రాయుచున్నారు. మా పట్టీలో బి నిలువు వరుస రకము, సి అప్పగింత, డి కూలి. చీరలు ఆరు:

2. పట్టు – ఇచ్చినది – ముట్టినది
3. పట్టు – ఇచ్చినది – బాకీ
4. నూలు – ఇచ్చినది – బాకీ
5. పట్టు – మగ్గముమీద – బాకీ
6. పట్టు – ఇచ్చినది – బాకీ
7. నూలు – ఇచ్చినది – ముట్టినది

పట్టు నాలుగు, బాకీ నాలుగు. అందుచే నాలుగు పట్టుచీరలు బాకీ అనుకొంటిమి. కాని ఆ బాకీలలో ఒకటి నూలు, మరొకటి ఇంకను మగ్గము దిగలేదు. నిలువు వరుసలు పడుగు, అడ్డు వరుసలు పేక అనుకొనుడు. మూడు నిబంధనలును ఒకే పేకలో కలిసినప్పుడే ఆ చీర లెక్కకు వచ్చును.

దీనికి కౌంట్‌ఇఫ్స్ అను సూత్రము ఎక్సెల్‌లో 2007 నుండి కలదు:

=కౌంట్‌ఇఫ్స్(బి2:బి7,"పట్టు",సి2:సి7,"ఇచ్చినది",డి2:డి7,"బాకీ")

సూత్రము పేరును, వరుసల గుర్తులను ఇంగ్లీషు అక్షరములలో కొట్టవలెను. జవాబు 2. అవి 3, 6 వరుసల చీరలు.

జాగ్రత్తలు మూడు. పడుగు పోగులవలె వరుసలన్నియు ఒకే పొడవు ఉండవలెను. బి2:బి7 అని వ్రాసి డి2:డి6 అన్నచో సూత్రము తప్పు చూపును. మాట ఒకే తీరున వ్రాయవలెను. కర్ణాటకములోని మనవారు ఒకచోట పట్టు అనియు, మరొకచోట రేష్మె అనియు వ్రాసినచో యంత్రము రెండును ఒకటని ఎరుగదు. మాట చివర ఖాళీ మిగిలినను ఆ చీర లెక్క తప్పును. తప్పిన చీరతో మన కూలియు పోవును. ఇక "పట్టు గాని, నూలు గాని" కావలెనన్న, రెండు సూత్రములు విడిగా వ్రాసి కూడవలెను.

జవాబు వచ్చిన పిదప ఆ వరుసలను వ్రేలు పెట్టి ఒకసారి చూచుకొని, ఆ మీదట కూలి అడుగుడు. సరియైన లెక్కతో అడిగిన కూలికి ఎవరును అడ్డు చెప్పలేరు.