చెట్లు విడిచే వాయువులు – గాలిలోని ఓజోన్

వృక్షాలు బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆమ్లజనిని విడుస్తాయని మనం ప్రాథమిక తరగతులలోనే చదువుకున్నాం. అంతటితో ఆకు పని ముగిసినదని భావిస్తాం. కాని ఆకు విడిచే వాయువులు ఇంకా అనేకం ఉన్నవి. తులసిని తాకినప్పుడు, నీలగిరి ఆకును నలిపినప్పుడు చేతికంటే పరిమళం ఆ కోవలోనిదే. ఉర్దూ శాఖలోని మిత్రులు ఖుష్‌బూ అనే దానినే, మనం సువాసన అనే దానినే, రసాయన శాస్త్రం చాలావరకు టెర్పీనుల జాతిలో చేర్చినది. టెర్పీనులకంటే చిన్నది, తేలికైనది ఐసోప్రీన్ అనే మరొక పదార్థం. దాని అణువులో ఐదు కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని పరమాణువులు మాత్రమే ఉంటాయి. చెట్టు క్రింద నిలుచున్నవారి ముక్కుకు అది తెలియదు. ఆకులు దీనిని విడుస్తాయని జార్జియా దేశపు శాస్త్రజ్ఞుడు గివి సనాద్జే 1957లో ప్రకటించే వరకు ఎవరికీ అనుమానం కూడా కలుగలేదు. నేటి అంచనాల ప్రకారం భూమిపైనున్న వృక్షజాలం ఏటా సుమారు 100 కోట్ల టన్నుల కర్బన వాయుపదార్థాలను విడుస్తున్నది; అందులో దాదాపు సగం ఐసోప్రీనే.

ఇన్ని కోట్ల టన్నులు గాలిలో కలిసి ఏమవుతున్నవి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే ఓజోన్ ఎదురవుతుంది. భూమికి ఇరవై ముప్పది కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ మనకు గొడుగు. మన ముక్కు ఎత్తున అదే విషం. ఊపిరితిత్తుల లోపలి పొరను అది రేపుతుంది, ఆకులను మచ్చలు పరుస్తుంది, గోధుమ వంటి పంటల దిగుబడిని తగ్గిస్తుంది. మన దేశంలో 2009లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదు. వంద కోట్ల పాళ్ల గాలిలో సుమారు 50 పాళ్లన్నమాట.

ఈ విషయంపై మా విద్యార్థులలో ఆసక్తి కలిగించడానికి మేము ఒక చిన్న ప్రయోగం చేసినాం. ఓజోన్‌ను కనుగొని, గ్రీకు భాషలో 'వాసన' అనే అర్థం గల మాటనుండి దానికి పేరుపెట్టిన షోన్‌బైన్ పందొమ్మిదవ శతాబ్దంలోనే వాడిన పద్ధతి ఇది. నీటిలో మొక్కజొన్న పిండిని ఉడికించి, చిక్కబడిన తరువాత కొంచెం పొటాసియం అయొడైడ్ కలిపి, వడపోత కాగితాలకు పూసి చీకటిలో ఆరబెట్టినాం. ఓజోన్ తగిలితే అయొడైడ్ నుండి అయోడిన్ విడివడుతుంది. అది గంజితో కలిసి నీలిరంగు నిస్తుంది. స్వేదనజలంతో తడిపిన కాగితాలు కొన్నింటిని కళాశాల ద్వారం వద్ద, బస్సులు ఆగే చోట వ్రేలాడదీసినాం. మిగిలినవాటిని తోటలోని వేపచెట్టు నీడలో కట్టినాం. ఎనిమిది గంటల తరువాత చూస్తే తోటలోని కాగితాలే ముదురు రంగులో ఉన్నవి! "అయితే సార్, వేపచెట్టే కాలుష్యం చేస్తున్నదా?" అని ఒక విద్యార్థి అడిగినాడు. నవ్వినవారు నవ్వినారు గాని, ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగినవారు మాలో ఎవరూ లేరు.

ఈ పొరపాటు పెద్దలు కూడా చేసినదే. అమెరికాలో 1980 ఎన్నికల ప్రచారంలో రోనాల్డ్ రీగన్ వాయుకాలుష్యానికి అధిక భాగం చెట్లే కారణమన్న ధోరణిలో మాట్లాడి పరిహాసానికి గురి అయినారు. పరిహసించినవారు కూడా రసాయన శాస్త్రాన్ని పూర్తిగా చూడలేదని మా అభిప్రాయం. అసలు జరిగేది ఇది. వాహనాల పొగలో, దహనంలో, ఎరువు వేసిన నేలలో నత్రజని ఆక్సైడులు పుడతాయి. వాటిలో నత్రజని డయాక్సైడును సూర్యకాంతి విడగొడుతుంది; విడివడిన ఆమ్లజని పరమాణువు గాలిలోని ఆమ్లజని అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడు ఆ ఓజోన్‌నే తిని మళ్లీ డయాక్సైడుగా మారుతుంది. ఇచ్చినది పుచ్చుకోవడంతో లెక్క సరిపోతుంది. ఐసోప్రీన్ వంటి పదార్థం గాలిలో ఆక్సీకరణం చెందినప్పుడు మాత్రం ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు పుట్టే పెరాక్సీ రాడికల్స్ నైట్రిక్ ఆక్సైడును డయాక్సైడుగా మార్చివేస్తాయి. ఓజోన్ ఖర్చు కాదు, పోగుపడుతుంది. నత్రజని ఆక్సైడులు బహుస్వల్పంగా ఉన్న దట్టమైన అడవిలో ఐసోప్రీన్ తిరిగి ఓజోన్‌నే కొంత హరిస్తుంది. ఒకే ఆకు, ఒకే వాయువు. పొరుగున ఎవరున్నారనే దానినిబట్టి ఫలితం తలక్రిందులవుతున్నది.

ఇప్పుడు మా కాగితాల సంగతి కొంత అర్థమవుతుంది. బస్సుల పొగగొట్టంనుండి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు ద్వారం వద్ద ఓజోన్‌ను తినివేసి ఉండవచ్చును. అంటే రోడ్డుప్రక్క గాలి తోటలోని గాలికంటే శుభ్రమైనదని కాదు. పైగా ఆ ఉదయం తోటమాలి మొక్కలకు నీళ్లు పెట్టినాడు. గాలిలో తేమ ఎక్కువైతే ఈ కాగితం రంగు ముదురుతుంది. మేము తేమను కొలవలేదు. కనుక వేపచెట్టుపై నేరం మోపడానికి మా వద్ద ఆధారం లేదు, దానిని నిర్దోషిగా విడుదల చేయడానికీ లేదు.

పాత కొలతలన్నింటికీ ఇట్టి చిక్కే ఉన్నది. పారిస్ వద్ద మోంసూరి పరిశీలనాలయంలో 1876 నుండి 1910 వరకు ప్రతిదినం ఓజోన్‌ను రసాయన పద్ధతిలో కొలిచినారు. ఆ పరికరాన్ని తిరిగి నిర్మించి పరీక్షించిన జర్మన్ శాస్త్రజ్ఞులు, నాటి ఓజోన్ వంద కోట్ల పాళ్లలో సుమారు పది మాత్రమే అని 1988లో ప్రకటించినారు. నగరపు బొగ్గు పొగలోని గంధక డయాక్సైడు ఆ అంకెను తగ్గించి చూపి ఉంటుందని తరువాతివారు అభ్యంతరం చెప్పినారు. ముప్పది నాలుగేండ్ల శ్రమ, ఇంకా వివాదం!

నేటి యంత్రం కాంతితో కొలుస్తుంది. పాదరస దీపంనుండి వచ్చే 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాన్ని ఓజోన్ పీల్చుకుంటుంది. ఒక గొట్టంలో బయటి గాలి, మరొకదానిలో ఓజోన్‌ను తీసివేసిన అదే గాలి. రెండింటినుండి వచ్చే కాంతిలోని తేడాయే కొలత. వినడానికి సులభంగా ఉన్నది గాని, సుమారు 40 సెంటీమీటర్ల గొట్టంలో 50 పాళ్ల ఓజోన్ హరించే కాంతి పదివేల పాళ్లలో ఐదారు మాత్రమే. దీపం అంతమాత్రం రెపరెపలాడితే అంకె అబద్ధమాడుతుంది. అందుచేతనే యంత్రం రెండు గొట్టాలను క్షణక్షణం మార్చిమార్చి చూస్తుంది.

ఆకు విడిచే వాయువును కొలవడం దీనికంటే ఓపిక గల పని. బ్రతికి ఉన్న కొమ్మకు పారదర్శకమైన టెఫ్లాన్ సంచి తొడిగి, శుద్ధిచేసిన గాలిని తెలిసిన వేగంతో పంపిస్తారు. వెలుపలికి వచ్చే గాలిని టెనాక్స్ వంటి అధిశోషక పదార్థం నింపిన సన్నని గొట్టంగుండా లాగుతారు. ప్రయోగశాలలో ఆ గొట్టాన్ని వేడిచేసి, వెలువడిన వాయువులను గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో విడదీస్తారు. చివరకు ఆకులను కోసి, ఎండబెట్టి, తూచి, ఒక గ్రాము ఎండుటాకు గంటకు ఎన్ని మైక్రోగ్రాములు విడిచినదో లెక్కకడతారు. ఐసోప్రీన్‌ను ఆకు నిలువ చేసుకోదు; వెలుగు ఉన్నంతసేపే తయారుచేస్తుంది, చీకటి పడితే నిమిషాలలో ఆగిపోతుంది. కనుక వెలుగు, వేడిమి వ్రాసుకోని కొలత కొలత కాదు. నీలగిరి ఆకులోని టెర్పీనులు గ్రంథులలో నిలువ ఉంటాయి. సంచి తొడిగే తొందరలో ఒక ఆకు నలిగినా చెట్టు లేని దాతృత్వం చూపినట్లవుతుంది. మరొక వింత: గాలిలోని ఓజోన్ గొట్టంలో చిక్కిన టెర్పీనులను నాశనం చేస్తుంది. తోటలోని మామూలు గాలిలో టెర్పీనులను కొలవాలంటే ముందుగా ఓజోన్‌ను పొటాసియం అయొడైడ్ వంటి వడపోతతో తొలగించాలి. మేము కాగితానికి పూసిన మందే అక్కడ కావలివాడు!

ఈ రెండు కొలతలను ఒకేచోట జరిపినప్పుడే సత్యం కొంత బయటపడుతుంది. అట్టి ఉదాహరణలలో మాకు మిక్కిలి ముఖ్యమని తోచినది బోర్నియో ద్వీపంలో 2008లో జరిగిన పరిశోధన. బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ హెవిట్ నాయకత్వాన శాస్త్రజ్ఞులు మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలో డానమ్ లోయ అడవిలోను, సమీపాన ఉన్న ఆయిల్‌పామ్ తోటలోను గాలిని కొలిచినారు. ఆయిల్‌పామ్ ఐసోప్రీన్‌ను విరివిగా విడిచే చెట్టు. దాని పూలనుండి వెలువడే, సోంపు వాసన గల ఎస్ట్రగోల్ కూడా తోటపై గాలిలో దొరికినది. తోటలో నత్రజని ఆక్సైడులు కూడా అడవిలోకంటే ఎక్కువ. ఇన్ని ఉండి కూడా రెండుచోట్ల ఓజోన్‌లో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు! నత్రజని ఆక్సైడులు మొత్తంమీద ఇంకా స్వల్పంగానే ఉండడం దీనికి కారణం. అవి ఐరోపా, ఉత్తర అమెరికా గ్రామసీమల స్థాయికి చేరితే ఓజోన్ వంద కోట్ల పాళ్లలో 100 పాళ్లకు పెరుగుతుందని 2009లో ప్రచురించిన వారి గణన తెలిపినది. చెట్టును నిందించి లాభం లేదని, ఎరువుల నత్రజనిని, పొగను అదుపులో ఉంచవలెనని వారి వాదం. చెట్లు దట్టంగా ఉన్న అట్లాంటా నగరాన్ని గూర్చి 1988లో విలియం ఛమైడిస్, ఆయన సహచరులు చేసిన పరిశోధన కూడా ఈ దారినే చూపినది. చెట్లనుండి వచ్చే పదార్థాలను లెక్కలో చేర్చగానే, కారులు విడిచే హైడ్రోకార్బనులను మాత్రమే తగ్గిస్తే చాలునన్న ఆశ సన్నగిల్లినది.

బోర్నియో సంగతి మనకెందుకని అడుగరాదు. మన దేశంలో ఆయిల్‌పామ్ సాగు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ పంటకు జాతీయ పరిశోధనా సంస్థ గోదావరి జిల్లాల సీమలోని పెదవేగిలో ఉన్నది. తెలంగాణలో ఖమ్మం ప్రాంతం ఈ పంటకు ప్రసిద్ధం. 2021లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన జాతీయ పథకంతో ఈ తోటలు ఇంకా విస్తరిస్తున్నవి. మన తోటల ప్రక్కన జాతీయ రహదారులున్నవి, తోటలలో యూరియా ఉన్నది, ఎండకు కొదువ లేదు. పైరులు ఓజోన్‌కు లోనయ్యే నేల ఇది. బోర్నియోలో 'చేరితే' అన్న మాట ఇక్కడ ఎంతవరకు నిజమైనదో ఊహవలన తేలదు. ఒక తోటలో ఒక యంత్రం ఒక సంవత్సరం పాటు పనిచేస్తే తేలుతుంది.

మా కాగితాలను రసాయనశాల రిజిస్టరులో అంటించి, ప్రక్కన స్థలం, వేళ వ్రాసి ఉంచినాం. రంగులు అప్పుడే వెలుస్తున్నవి. వచ్చే వేసవిలో, తోటకు నీళ్లు పెట్టకముందు, తడి పొడి ఉష్ణమాపకాలను రెండింటిని కాగితాల ప్రక్కనే వ్రేలాడదీసి ప్రయోగాన్ని తిరిగి చేయాలని నిశ్చయించినాం. వేపచెట్టును గూర్చి ప్రశ్నించిన విద్యార్థికే ఈసారి రిజిస్టరు అప్పగించినాం.